ఆరొందల ముక్కల బట్టీ: వైద్య పదాల్లోని గ్రీకు, లాటిన్ మూలాలు ఎలా పట్టుబడతాయి?

మల్లి_మైక్రో · అమీర్‌పేట

అందరికీ నమస్కారం. బీఎస్సీ మైక్రోబయాలజీ అయిపోయింది, ఇప్పుడు మెడికల్ కోడింగ్ (ఆసుపత్రి రిపోర్టుల్లోని జబ్బులకి, ఆపరేషన్లకి బిల్లుల కోసం కోడ్ నంబర్లు వెయ్యడం) కోచింగ్‌లో ఉన్నాను. చేరగానే ఒక స్పైరల్ బైండింగ్ పుస్తకం చేతిలో పెట్టారు. ప్రిఫిక్సులు, రూట్లు, సఫిక్సులు కలిపి ఆరొందల పైచిలుకు ముక్కలు, అక్షర క్రమంలో. రోజూ కొన్ని పేజీలు అప్పజెప్పాలి. అప్పజెప్పడం వరకు బాగానే ఉంది. ఆపరేషన్ రిపోర్టు ముందు పెడితే మాత్రం ఆ ముక్కలన్నీ ఎక్కడికి పోతాయో తెలీదు. ఎక్టమీ, ఒటమీ, ఒస్టమీ మూడూ నా చెవికి ఒకేలా ఉంటాయి. హైపర్, హైపో సంగతి సరేసరి.

ఇంటర్ దాకా తెలుగు మీడియం. గ్రీకు, లాటిన్ అంటేనే టెన్షన్. బట్టీ తప్ప వేరే దారి ఉందా?

గుంటూరు_ఫార్మసీ · గుంటూరు

బట్టీయే అమ్మా. మేం బీఫార్మసీ అలాగే గట్టెక్కాం. ముందు నోటికి రానియ్యి, అర్థం దాని వెనకే వస్తుంది. ఎక్కాలు అర్థమయ్యాకే నేర్చుకున్నామా?

కోడర్_అక్క · మాదాపూర్

ఫార్మసీ గారూ, ఎక్కాలు రెండంకెల మధ్యే ఉంటాయి. ఇక్కడ ఒక్కో పదంలో నాలుగైదు ముక్కలు వచ్చి పడతాయి, ఏది ముందు చూడాలో తెలియకపోతే నోటికొచ్చినా లాభం లేదు.

మల్లీ, ఆ పుస్తకం పక్కనే ఉంచుకో, తెలియని ముక్క తగిలినప్పుడు తిప్పి చూడ్డానికి. చదువు మాత్రం రిపోర్టుల నుంచి మొదలుపెట్టు. వైద్య పదాన్ని తోక నుంచి చదవాలి. చివరి ముక్క చూస్తే ఏం చేశారో, ఏం జబ్బో తెలుస్తుంది. తర్వాత మొదటి ముక్క: ఎక్కడ, ఎంత, ఎలా. అవయవం సాధారణంగా మధ్యలో ఉంటుంది, దాన్ని ఆఖర్న చూడు.

నువ్వడిగిన మూడింటినీ ఇలాగే విడదియ్యి. ‘టమీ’ అంటే గ్రీకులో కోయడం. కాబట్టి ఒటమీ అంటే కోత పెట్టడం, అంతే. ఎక్టమీలో ముందున్న ‘ఎక్’ అంటే బయటికి. కోసి బయటికి తీసేశారు. ఒస్టమీలో ఉన్నది ‘స్టోమా’, అంటే నోరు. కొత్తగా ఒక నోరు తెరిచి అలాగే ఉంచారు. పెద్దపేగుకి అలా నోరు తెరిచే కొలాస్టమీ చేసినవాళ్లకి పొట్ట మీద సంచి ఎందుకు ఉంటుందో ఆ నోరే చెబుతుంది.

ఇప్పుడు మాకు రోజూ వచ్చే రిపోర్టు ఒకటి చూడు: లాపరోస్కోపిక్ కోలెసిస్టెక్టమీ విత్ ఇంట్రాఆపరేటివ్ కోలాంజియోగ్రఫీ. మొదటి పెద్ద పదానికి తోక ఎక్టమీ, అంటే ఏదో తీసేశారు. ‘కోలె’ పైత్యరసం, ‘సిస్ట్’ సంచి, రెండూ కలిస్తే పిత్తాశయం, మనం గాల్‌బ్లాడర్ అనేది. ‘లాపర్’ పొట్ట పక్కభాగం, ‘స్కోప్’ చూడటం. ఇంతవరకే అయితే సీపీటీలో, అంటే ఆపరేషన్లకీ చికిత్సలకీ కోడ్లిచ్చే అమెరికా పుస్తకంలో, 47562. కానీ వెనకాల ఇంకో పదం ఉంది. ‘కోల్’ మళ్లీ పైత్యరసం, ‘ఆంజియో’ నాళం, ‘గ్రఫీ’ చిత్రం తీయడం. ఆపరేషన్ మధ్యలో పైత్యరస నాళాల్లోకి డై ఎక్కించి ఎక్స్‌రే తీశారన్నమాట. కోడ్ 47563కి మారిపోయింది. కామన్ బైల్ డక్ట్‌ని కూడా తెరిచి వెతికి ఉంటే 47564. మన ఇళ్లలో ఆంజియో అంటే గుండె పరీక్షే కాబట్టి చాలామంది ఈ పదం దగ్గర తికమకపడతారు. ఆంజియో అంటే ఏ నాళమైనా సరే.

కోడర్‌గా సర్టిఫికెట్ కోసం రాసే సీపీసీ పరీక్షలో నాలుగు గంటల్లో 100 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్. కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకోనిస్తారు. కానీ ఒక్కో ప్రశ్నకి రెండున్నర నిమిషాలు కూడా ఉండవు. ఏ పేజీ తెరవాలో చప్పున తట్టేది ఈ ముక్కలు తెలిస్తేనే.

మల్లి_మైక్రో

అక్కా, తోక నుంచి చదవమని మాకెవరూ చెప్పలేదు! ఇంకో డౌటు. కిడ్నీకి ఒకచోట ‘నెఫ్రో’ అని, ఇంకోచోట ‘రీనల్’ అని ఉంది. ఊపిరితిత్తులకి ‘న్యూమో’, ‘పల్మో’. ఒకే అవయవానికి రెండేసి పేర్లు ఎందుకు? రెండూ గుర్తుంచుకోవాలా?

కోడర్_అక్క

రెండూ కావాలి. ఒకటి గ్రీకు, ఒకటి లాటిన్. మొత్తం మీద చూస్తే జబ్బులు, ఆపరేషన్లు గ్రీకులో ఎక్కువ. అవయవాలు, రక్తనాళాలు, ఎముకల పేర్లు లాటిన్‌లో ఎక్కువ. అందుకే నెఫ్రైటిస్, నెఫ్రెక్టమీ అంటారు కానీ అక్కడి ధమని మాత్రం రీనల్ ఆర్టరీ. చర్మవ్యాధుల శాస్త్రం డెర్మటాలజీ, చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్ సబ్‌క్యుటేనియస్. నోటి పూత స్టొమటైటిస్, నోటి ద్వారా వేసుకునే మందు ఓరల్.

ఇది తెలియకపోతే పనిలో ఎక్కడ ఆగిపోతామో చెప్తాను. డాక్టరు ‘నెఫ్రోలితియాసిస్’ అని రాశాడనుకో. నెఫ్రో కిడ్నీ, లిత్ రాయి. గ్రీకు. జబ్బులకి కోడ్లిచ్చే ఐసీడీ పుస్తకం ఇండెక్స్‌లో ఆ పదం దగ్గరికి వెళ్తే అది నిన్ను ‘కాల్కులస్’ దగ్గరికి పంపుతుంది, అది లాటిన్‌లో చిన్న గులకరాయి. అక్కడ కిడ్నీ కింద చూస్తే ఎన్20.0. రిపోర్టు గ్రీకులో, ఇండెక్స్ లాటిన్‌లో, పేషెంటు చెప్పేది ‘కిడ్నీలో రాళ్లండీ’ అని.

రెండు భాషలు ఒకే పదంలో కలిసిపోయినవీ బోలెడు. హైపర్‌టెన్షన్‌లో హైపర్ గ్రీకు, టెన్షన్ లాటిన్. అపెండిసైటిస్‌లో అపెండిక్స్ లాటిన్, ఐటిస్ గ్రీకు. కాబట్టి ఏది ఏ భాషదని తేల్చుకోవడానికి టైం పెట్టకు.

వ్యాకరణం_మాస్టారు · రాజమండ్రి

అమ్మాయి తెలుగు మీడియం అని బెంగపడుతున్నట్టుంది. ఆ బెంగ అక్కర్లేదు, సగం సరుకు నీ దగ్గరే ఉంది. పదో తరగతి వ్యాకరణం ఒకసారి గుర్తు తెచ్చుకో.

మొదట సంధి. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం: వాడు + ఎక్కడ = వాడెక్కడ. ముందున్న ఉకారం పోయింది. ఇక్కడ అలా పోయేది ‘ఓ’. గ్యాస్ట్రో + ఐటిస్ అంటే గ్యాస్ట్రైటిస్. తర్వాతది హల్లుతో మొదలైతే ఓ పోదు: గ్యాస్ట్రో + స్కోపీ, గ్యాస్ట్రోస్కోపీ. మనకన్నా వాళ్లకు ఒక మెలిక ఎక్కువ. రెండు అవయవాల పేర్లు కలిసేచోట అచ్చు ఎదురైనా ఓ కదలదు, అందుకే గ్యాస్ట్రోఎంటెరైటిస్.

రెండోది నఞ్ తత్పురుష. శాంతి కానిది అశాంతి, అంతం లేనిది అనంతం. హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’. గ్రీకులోనూ సరిగ్గా ఇదే సూత్రం. శ్వాస ఆగితే అప్నియా, ఎందుకంటే ‘ప్నియా’ హల్లుతో మొదలైంది. రక్తానికి ‘ఈమియా’, అచ్చు, కాబట్టి అనీమియా. దీన్ని బట్టీ పట్టాల్సిన పనేముంది?

ఇది ఏదో కాకతాళీయం కాదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే కుటుంబం. ఈ మాట 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పాడని అందరూ రాస్తారు. అంతకు ముందే, 1767లో, దక్షిణ భారతంలో ఉన్న కేర్డూ అనే ఫ్రెంచి జెసూట్ ఫాదరు ఇదే సంగతి పారిస్‌కు రాసి పంపాడు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం కలిపి నిఘంటువు కూర్చినవాడు ఆయన. ఆయన రాసింది అచ్చయ్యేసరికి 1808 వచ్చింది, అప్పటికి పేరు జోన్స్‌కి పోయింది.

ఉపసర్గలు చూడు. దుర్గంధంలోని ‘దుస్’ అక్కడ ‘డిస్’: డిస్ప్నియా అంటే ఊపిరి కష్టంగా ఆడటం. సుగంధంలోని ‘సు’ అక్కడ ‘యూ’: యూథైరాయిడ్ అంటే థైరాయిడ్ బాగానే ఉందని. పరిసరంలోని ‘పరి’యే ‘పెరి’: గుండె చుట్టూ ఉండే పొర పెరికార్డియం. ‘ఉపరి’ హైపర్, ‘ఉప’ హైపో. ఉపరితలం పైన ఉంటుంది కదా, హైపర్ కూడా అంతే. నీ హైపర్, హైపో తగువు ఇక్కడితో తీరిపోవాలి.

అవయవాల్లో దంతం డెంట్, ఒడాంట్ రెండూ, అస్థి ఆస్టియో, నాసిక నేసో, జానువు జెను, పాదం పెడ్, పోడ్, నఖం ఒనికో, హృదయం కార్డియో, ప్లీహం స్ప్లీన్, యకృత్తు హెపార్, ఆంత్రం ఎంటెరో. చివరి మూడూ వినడానికి అంత దగ్గరగా లేకపోయినా అన్నదమ్ముల బిడ్డలే.

మల్లి_మైక్రో

మాస్టారూ, పొద్దున్నుంచి మీ పోస్టు నాలుగుసార్లు చదివాను! అయితే నరం, న్యూరో కూడా ఒకటేనా? కర్ణం, కార్నియా?

వ్యాకరణం_మాస్టారు

రెండూ కావు. నరం మన ద్రావిడ పదం. తమిళంలో నరంబు, కన్నడంలో నర. గ్రీకు ‘న్యూరాన్’కి మొదట్లో అర్థం స్నాయువు, దాని చుట్టం సంస్కృత ‘స్నాయు’ శబ్దమే. గుర్తుకోసం నరం, న్యూరో అని కలుపుకుంటే నష్టం లేదు. కర్ణం, కార్నియా మాత్రం కలపవద్దు. కార్నియా కంట్లోది, లాటిన్‌లో కొమ్ముకు ‘కోర్ను’ అంటారు, అందులోంచి వచ్చింది. చెవి డాక్టరు దగ్గరికి పోవాల్సినవాణ్ణి కంటి డాక్టరు దగ్గరికి పంపినట్టవుతుంది.

ఇంకొక చిక్కు ముందే చెబుతాను. మన ‘అంతర్’ రెండు పనులు చేస్తుంది. అంతర్జాతీయం అంటే జాతుల మధ్య, అంతర్గతం అంటే లోపల. వైద్యంలో ఆ రెంటికీ వేర్వేరు ముక్కలు: ఇంటర్ మధ్య, ఇంట్రా లోపల. ఇంటర్‌కాస్టల్ అంటే పక్కటెముకల మధ్య, ఇంట్రావీనస్ అంటే సిర లోపల. టెన్తుకీ డిగ్రీకీ మధ్య చదివినదాన్ని నువ్వు ఏమంటావో గుర్తుంటే చాలు.

రైన్_ఒడ్డున · జర్మనీ

హాయ్ మల్లీ. నేను ఇక్కడ నర్సుని, ఊరు విజయనగరం. జర్మనీలో ఈ గ్రీకు, లాటిన్ రానివాళ్లకు రెండింతలు కష్టం, ఎందుకంటే వార్డులో రెండు పదజాలాలు నడుస్తాయి. పేషెంటు ‘బ్లిండ్‌డార్మ్’ నొప్పి అంటాడు, అంటే గుడ్డి పేగు. రౌండ్స్‌లో డాక్టరు ‘అపెండిజిటిస్’ అంటాడు. పేషెంటుకి ఊపిరితిత్తుల మంట అని అర్థం వచ్చే పొడుగాటి జర్మన్ పదం, ఫైల్లో ‘న్యుమోనీ’. నర్సు మధ్యలో నిలబడి ఇటుది అటూ అటుది ఇటూ చేరవెయ్యాలి.

మన డాక్టర్లు ఇక్కడ లైసెన్సు కోసం రాసే వైద్య భాషా పరీక్ష ‘ఫాఖ్‌ష్ప్రాఖ్‌ప్రూఫుంగ్’లో ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు: పేషెంటుతో మాటలు, కేసు రాయడం, సీనియర్ డాక్టరుతో మాటలు. పేషెంటు ముందు లాటిన్ పదం దొర్లితే మార్కులు పోతాయి, సీనియర్ ముందు వాడకపోతే పోతాయి. మా ఫ్లాట్‌మేట్ దీనికోసం గోడ నిండా చీటీలు అంటించింది.

నాకు బాగా నచ్చిన పదం డుయోడినం. స్కూల్లో ఆంత్రమూలం అని చదువుకున్నాం. జర్మన్లు దాన్ని ‘పన్నెండు వేళ్ల పేగు’ అంటారు. లాటిన్ పేరు కూడా పన్నెండుకే సంబంధించింది. పక్కపక్కన పన్నెండు వేళ్లు పెడితే ఎంత వెడల్పో, ఆ పేగు ఇంచుమించు అంత పొడవు, 25 సెంటీమీటర్ల లెక్క. మాస్టారు గారు ఒప్పుకుంటే ద్వాదశి కూడా ఈ కుటుంబమే అంటాను.

వ్యాకరణం_మాస్టారు

నిక్షేపంగా. ద్వాదశ, డుయోడెకిమ్, అక్కచెల్లెళ్లు.

ఫిజియో_నల్గొండ · నల్గొండ

జానువు దగ్గర ఆగాను. మా జిల్లాలో ఫ్లోరోసిస్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునేవి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో దాని గురించి రాసినప్పుడు వాడిన మాట ‘జెనూ వాల్గమ్’. జెను అంటే మోకాలు, వాల్గమ్ అంటే మోకాలి కింద నుంచి కాలు బయటివైపుకి తిరిగి ఉండటం. దొడ్డికాళ్లయితే ‘జెనూ వేరమ్’. వాల్గమ్‌లో ‘ల్’ ఉంది, లేటరల్ అంటే బయటివైపు. మా స్టూడెంట్లకి ఇలాగే చెబుతాను.

టెక్కలి_డాక్టరు · శ్రీకాకుళం జిల్లా

చర్చ బాగుంది. కాస్త అవతలి వైపు కూడా చూడండి. ముక్కలు విడదీస్తే పదానికి అర్థం వస్తుంది కానీ జబ్బు గురించి అంతా తెలిసిపోదు.

మా ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలుసు. వైద్యులు దాన్ని ‘ఉద్దానం నెఫ్రోపతీ’ అని రాస్తారు. నెఫ్రో కిడ్నీ, పతీ జబ్బు. అంటే ఉద్దానంలో వచ్చే కిడ్నీ జబ్బు అని, అంతే. ఎందుకొస్తోందో ఆ పదంలో లేదు, తేలనూ లేదు. ‘ఇడియోపతిక్’ కూడా ఈ కోవదే. ఇడియో అంటే తనకు తానే. పేషెంటు బంధువులకు అది పెద్ద రోగనిర్ధారణలా వినిపిస్తుంది, నిజానికి డాక్టరు కారణం తెలియదని గౌరవంగా చెబుతున్నాడు.

‘ఐటిస్’ని ఇన్ఫెక్షన్ అని కోచింగుల్లో చెబుతారని విన్నాను. అది ఇన్‌ఫ్లమేషన్. సూక్ష్మజీవి ఉండొచ్చు, లేకపోవచ్చు. అలర్జిక్ రైనైటిస్‌లో ఏ క్రిమీ లేదు, యాంటీబయాటిక్‌తో పనీ లేదు. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ రచయిత సెల్సస్ దీనికి నాలుగు గుర్తులు రాశాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. లాటిన్‌లో వాపుకు ఆయన వాడిన పదం ‘ట్యూమర్’. ఆ మాట ఇప్పుడు ఎంత భయపెడుతుందో చూడండి.

‘ఓమా’ కూడా అంతే. స్కాన్ రిపోర్టులో లైపోమా అని కనబడగానే ఒక అబ్బాయి తల్లిని తీసుకుని రాత్రికి రాత్రి వైజాగ్ బయల్దేరబోయాడు, ఇంటర్నెట్‌లో ఓమా అంటే క్యాన్సర్ అని చదివాడట. లైపోమా చర్మం కింద కొవ్వు గడ్డ, చాలావరకు దాని జోలికి పోనక్కర్లేదు. హెమటోమా గడ్డకట్టిన రక్తం. గ్లకోమా అసలు గడ్డే కాదు, కంటి జబ్బు. అలాగని ఓమాలన్నీ సాధువులు కావు. లింఫోమా, మెలనోమా, మైలోమా క్యాన్సర్లే. తోక చూసి ధైర్యం చెప్పకూడదు, భయపెట్టకూడదు.

మా దగ్గర ఆడవాళ్లు ‘నాకు సర్వైకల్ ఉందండీ’ అంటారు, మెడనొప్పి అని. సర్విక్స్ అంటే లాటిన్‌లో మెడ. గర్భాశయానికీ ఒక మెడ ఉంది. సర్వైకల్ స్పాండిలోసిస్, సర్వైకల్ క్యాన్సర్ మధ్య ఉన్న దూరం ఆ రెండో పదంలోనే ఉంది.

ఇక పేరే అబద్ధం చెప్పే జబ్బు ఉండనే ఉంది. ఇటాలియన్‌లో ‘మల్ ఆరియా’ అంటే చెడ్డ గాలి. ఆ గాలి కథ తప్పని తేల్చే ఆధారం దొరికింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు, 1902లో నోబెల్ వచ్చింది. పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. ఆ దోమ జాతి పేరు అనాఫిలిస్. మాస్టారి నఞ్ సూత్రం దానికీ పనికొస్తుంది: అన్ + ఒఫెలోస్, ప్రయోజనం లేనిది. అంటే పనికిమాలినది.

గుంటూరు_ఫార్మసీ

నా బట్టీని అందరూ కలిసి మూలకి తోసేశారు, సరే. కానీ మందుల పేర్ల దగ్గర మీ విడదీత అన్నిసార్లూ పారదని మల్లికి చెప్పాలి. స్ట్రెప్టోమైసిన్ చివర ‘మైసిన్’ ఉంటుంది, స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా నుంచి వచ్చింది కనుక. జెంటామిసిన్ మైక్రోమోనోస్పోరా నుంచి వచ్చింది, అందుకని ఇంగ్లీషులో ఆ చోట ‘వై’ కాదు ‘ఐ’ రాస్తారు. ‘ఒలాల్’, ‘ప్రిల్’, ‘స్టాటిన్’ లాంటి తోకలు మందుల వర్గం చెప్పడానికి పెట్టుకున్న గుర్తులు. వీటిని బట్టీ పట్టాల్సిందే, నా మాట అక్కడ చెల్లుతుంది.

అర్థంతో పట్టుబడేవి లేకపోలేదు. టెట్రాసైక్లిన్ అంటే నాలుగు వలయాలు, అణువు బొమ్మ గీస్తే నాలుగూ కనబడతాయి. ఫోలిక్ యాసిడ్‌లో ‘ఫోలియం’ ఆకు. పాలకూర ఆకుల్లోంచి తీసి 1941లో ఆ పేరు పెట్టారు. దాన్ని అమెరికాలో లెడర్లీ కంపెనీలో తయారుచేసి చూపించిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పనిలోంచే అమైనోప్టెరిన్ వచ్చింది, లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ వాడిన మందు. అందులో ‘ప్టెరిన్’ అంటే రెక్క. ఈ జాతి రసాయనాలను మొదట సీతాకోకచిలుకల రెక్కల రంగుల్లో కనిపెట్టారు. లుకేమియా అంటే తెల్ల రక్తం, అది మల్లి ఈపాటికి విడదీసే ఉంటుంది.

ఇంకోటి, చీటీ మీద లాటిన్. ఎస్ఓఎస్ అంటే కాపాడండి అని కేక కాదు, ‘సి ఓపుస్ సిట్’, అవసరమైతే వేసుకోమని. బీడీ ‘బిస్ డియే’, రోజుకు రెండుసార్లు. హెచ్ఎస్ పడుకునే వేళ. ఓడీ మాత్రం జాగ్రత్త. మామూలు డాక్టరు రాస్తే రోజుకొకసారి, కంటి డాక్టరు రాస్తే ‘ఓక్యులస్ డెక్స్టర్’, కుడి కన్ను. చుక్కల మందు చీటీలో ఓడీ కనబడితే నేను ఫోన్ చేసి అడిగాకే ఇస్తాను.

వ్యాకరణం_మాస్టారు

డెక్స్టర్, దక్షిణ ఒకటే. తూర్పుకు తిరిగి నిలబడితే దక్షిణం కుడివైపే కదా.

డిక్టేషన్_చెవి · విశాఖపట్నం

డాక్టర్లు చెప్పింది విని టైపు చేసే ట్రాన్స్‌క్రిప్షన్‌లో ఏళ్లు గడిపినవాణ్ణి, చెవికి మోసం చేసే జంటలు చెప్పగలను. ఇలియం రెండున్నాయి: ఇంగ్లీషులో ‘ఇ’తో రాసేది చిన్నపేగు చివరి భాగం, ‘ఐ’తో రాసేది తుంటి ఎముక. వినడానికి తేడా లేదు, వాక్యం చూడాల్సిందే. యురేటర్ కిడ్నీ నుంచి బ్లాడర్‌కి, యురేత్రా బ్లాడర్ నుంచి బయటికి. డిస్ఫేజియా మింగలేకపోవడం, చివర ‘ఫేసియా’ అయితే మాట రాకపోవడం. పెరోనియల్ కాలిది, పెరినియల్ కాళ్ల మధ్యది, పెరిటోనియల్ పొట్టలోది. కోలన్‌కి కొలనోస్కోపీ, కోల్పోస్కోపీ యోనికి, సర్విక్స్‌కి. అబ్‌డక్షన్ (చెయ్యో కాలో ఒంటికి దూరంగా జరపడం), అడ్‌డక్షన్ (దగ్గరికి జరపడం) దగ్గర మంచి డాక్టర్లు అక్షరాలు విడివిడిగా పలికి మమ్మల్ని బతికిస్తారు.

‘మైలో’ దగ్గర ఆగి చూడండి. మైలైటిస్‌లో వెన్నుపాము, ఆస్టియోమైలైటిస్‌లో ఎముక మజ్జ. పాతకాలం గ్రీకులకు రెండూ ఎముక లోపల ఉండే మెత్తటి పదార్థమే. ‘మయో’ కండరం, ‘మైకో’ ఫంగస్. ఇవి కూడా పక్కపక్కనే కూర్చుంటాయి.

స్పెల్లింగ్ కూడా చూసుకోవాలి. మన కాలేజీ పుస్తకాలు బ్రిటిష్ పద్ధతి, అమెరికా కోడింగ్ అమెరికా పద్ధతి. ఈసోఫేగస్‌ని వాళ్లు ‘ఇ’ కింద పెడతారు, మనం ‘ఓ’ కింద వెతుకుతూ కూర్చుంటాం. అనీమియా, పీడియాట్రిక్స్‌లో కూడా ఒక అక్షరం ఎగిరిపోతుంది. ఆ పీడియాట్రిక్స్ ‘పీడ్’ గ్రీకు పిల్లవాడు, పెడల్ ‘పెడ్’ లాటిన్ పాదం. అమెరికా స్పెల్లింగ్‌లో రెండూ ఒకేలా ఉంటాయి.

మల్లి_మైక్రో

వారం నుంచి అక్క చెప్పినట్టే చేస్తున్నాను. పుస్తకంలోంచి కాకుండా క్లాసులో ఇచ్చే ప్రాక్టీసు రిపోర్టుల్లోంచి పదం తీసుకుని, ముక్కలు కార్డు మీద రాసుకుంటున్నాను. వెనకవైపు ఆ రిపోర్టు వాక్యం మొత్తం. ఒక్క ముక్కే రాస్తే గుర్తుండట్లేదు, వాక్యంతో ఉంటోంది.

ఇవాళ వచ్చింది ఇది: టోటల్ అబ్డామినల్ హిస్టరెక్టమీ విత్ బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ. తోక ఎక్టమీ, తీసేశారు. హిస్టర్ గర్భాశయం. బై రెండు, లేటరల్ పక్క. సాల్పింగో గొట్టం. ఊఫర్ అండాశయం. అంటే పొట్ట కోసి గర్భాశయం మొత్తం, రెండువైపులా ట్యూబులు, అండాశయాలు తీసేశారు. కరెక్టేనా? కరెక్టయితే హిస్టరెక్టమీకి ఒక కోడ్, సాల్పింగో ఊఫరెక్టమీకి 58720 ఇంకో కోడ్ వెయ్యాలా?

టెక్కలి_డాక్టరు

విడదీయడం నూటికి నూరు పాళ్లు సరిపోయింది. ఈ పదం మీరు జాగ్రత్తగా చదవడం వల్ల మాకెంత ఉపయోగమో చెబుతాను. మన రెండు రాష్ట్రాల్లోనూ గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. నలభై ఏళ్లు నిండని ఆమె వచ్చి ‘గర్భసంచి తీసేశారండీ’ అంటుంది. అండాశయాలు ఉన్నాయా, పోయాయా అంటే ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. అవి పోతే మెనోపాజ్ ఆ రోజే వచ్చినట్టు, ఎముకల బలం సంగతి ఇప్పటినుంచే చూసుకోవాలి. డిశ్చార్జ్ కాగితంలో ‘ఊఫరెక్టమీ’ అన్న ముక్క ఉందా లేదా అని నేను వెతుకుతాను.

కోడర్_అక్క

శభాష్ మల్లీ. కోడ్ మాత్రం ఒకటే, 58150. దాని వివరణ చివరిదాకా చదువు: ట్యూబులు తీసినా తీయకపోయినా, అండాశయాలు తీసినా తీయకపోయినా అని అందులోనే ఉంది. 58720 పక్కన ‘సెపరేట్ ప్రొసీజర్’ అని రాసి ఉంటుంది చూడు. ఇలా పెద్ద ఆపరేషన్‌లో భాగంగా చేసినప్పుడు దాన్ని విడిగా వెయ్యరు. వేస్తే అన్‌బండ్లింగ్ అంటారు, క్లెయిమ్ వెనక్కొస్తుంది. రేపు లాపరోస్కోపిక్ హిస్టరెక్టమీ కోడ్లు తెరువు. అక్కడ గర్భాశయం బరువు 250 గ్రాములు దాటిందా లేదా అన్నదాన్ని బట్టి కోడ్ మారుతుంది. ఆ బరువు కోసం పాథాలజీ రిపోర్టు చూడాలి.